పొరుగూరి వాళ్ళు పెట్టిన పేర్లు

నేను ఇంగ్లండుకు వెళ్ళిన మొదటి చలికాలం అది. కాలేజీలో నాతో చదువుకున్న మిత్రుడొకడు భార్యాపిల్లలతో గిల్లింగం అనే చిన్న పట్నంలో ఉండేవాడు. "శనివారం వచ్చెయ్‌రా, ఆదివారం సాయంత్రం పోదువు" అన్నాడు. ఫోన్లో ఊరి పేరు కొట్టి, మొదట కనబడిన స్టేషనుకు టికెట్టు తీసుకుని, లండన్ విక్టోరియాలో రైలెక్కాను. గంటలో దిగాను. ఫోన్ చేస్తే, "స్టేషను ముందే కారు పెట్టుకుని ఉన్నాను, నువ్వెక్కడ?" అన్నాడు. నేనూ స్టేషను ముందే ఉన్నాను. పది నిమిషాలు ఒకరినొకరు వెతుక్కున్నాం. చివరికి టెన్షన్ పట్టలేక లోపలికి వెళ్ళి అక్కడి ఉద్యోగిని "ఇది గిల్లింగమే కదండీ?" అని అడిగాను. ఆయన మర్యాదగానే, "కాదు, ఇది జిల్లింగం" అన్నాడు.

ఇంగ్లీషులో రెండింటికీ అవే అక్షరాలు. కెంట్ కౌంటీలో ఉన్నది జిల్లింగం, డోర్సెట్ కౌంటీలో ఉన్నది గిల్లింగం. మొదటిది లండన్‌కు తూర్పున, రెండోది నైరుతి దిక్కున రెండు గంటల ప్రయాణం. మన లిపిలో రాసి ఉంటే ఆ రెంటినీ ఒకటనుకునే అవకాశమే లేదు. అర్థం మాత్రం రెండింటిదీ ఒకటే: గిల్లా అనే ఒక మనిషి తాలూకు జనం ఇళ్ళు కట్టుకున్న చోటు. ఆ గిల్లా ఎవరో, ఇద్దరు గిల్లాలు ఎందుకయ్యారో, అప్పుడు నాకు పట్టలేదు. వెనక్కి లండన్ వచ్చి, ఊరు దాటి వాటర్లూ స్టేషనుకు చేరి, ఇంకో రైలెక్కి మిత్రుడి ఇంటికి పోయేసరికి రాత్రి పది. వాళ్ళావిడ పప్పు, అన్నం వేడి చేసి పెట్టింది.

తింటుంటే మావాడు ఒక మాట అన్నాడు. "వీళ్ళకు పేర్లకు కరువురా. ఎక్కడ చూసినా న్యూటన్లు, సటన్లు, స్ట్రాట్‌ఫర్డులు. అవే పేర్లు అమెరికాకు మోసుకుపోయారు, ఆస్ట్రేలియాకు మోసుకుపోయారు." అప్పుడు నేనూ తలూపాను. ఆ మాట తర్వాత ఎంతోమంది నోట విన్నాను, మనవాళ్ళ నోటా, ఇంగ్లీషువాళ్ళ నోటా. ఆ దేశంలో ఉన్న ఏడేళ్ళూ సెలవు రోజుల్లో ఈ ఊళ్ళ పేర్ల వెంటే తిరిగాను. ఇప్పుడు మావాడి మాటను ఒప్పుకోను. ఒకే పేరు పది ఊళ్ళకు ఉండటం కరువు కాదు. ఆ పేరు ఎవరు పెట్టారు అన్న ప్రశ్న మనం అడగకపోవడం వల్ల అది కరువులా కనిపిస్తుంది. ఆ ప్రశ్నకు నా జవాబు ఇది: ఊరికి పేరు పెట్టేది ఆ ఊరివాళ్ళు కాదు, పొరుగూరి వాళ్ళు.

న్యూటన్ సంగతే చూడండి. ఇంగ్లండు ఊళ్ళ పేర్లలో బాగా ఎక్కువగా కనబడేవాటిలో అదొకటి. చివర ఉన్న 'టన్' పాత ఇంగ్లీషులో 'టూన్'. మొదట్లో దానికి కంచె అని అర్థం. జర్మన్ భాషలో దాని తోడబుట్టిన మాటకు ఇప్పటికీ కంచె అనే అర్థం, డచ్చి భాషలో తోట అని. కంచె కాస్తా కంచె లోపలి జాగా అయింది, తర్వాత ఇల్లూ దొడ్డీ, తర్వాత పల్లె, చివరికి టౌను. మన గద్వాల వైపు 'దొడ్డి' అని ముగిసే ఊళ్ళు ఉన్నాయి. పశువుల దొడ్డి ఊరైపోవడం మనకేమీ వింత కాదు.

అయితే న్యూటన్ అంటే కొత్తపల్లె. ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చి 1066లో ఇంగ్లండును గెలిచిన విలియం రాజు, 1086లో తన రాజ్యంలోని భూములన్నీ లెక్క కట్టించి రాయించిన డూమ్స్‌డే దస్తరంలోనే న్యూటన్లు ఉన్నాయి. అంటే తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళు కొత్తవిగానే ఉండిపోయాయి. ఎవరికి కొత్త? అక్కడ పుట్టి పెరిగినవాడికి అది కొత్తూరు కాదు, ఊరంతే. కొత్త అన్నది పక్కనున్న పాతూరి వాడు. "వాళ్ళు కొత్తపల్లెలో ఉంటారు" అని అతను చెప్పి ఉంటాడు, విన్నవాళ్ళు అందుకున్నారు. మన దగ్గర కొత్తపల్లె, కొత్తూరు, కొత్తపేట లేని జిల్లా ఉందా? అవి కూడా అలా పుట్టినవే.

సటన్ అంటే దక్షిణపు ఊరు. దేనికి దక్షిణం? ఆ పేరు పలికినవాడు ఎక్కడ నిలబడ్డాడో దానికి. నార్టన్ అంటే ఉత్తరపు ఊరు, వెస్టన్ పడమటిది, ఆస్టన్ తూర్పుది, మిడిల్టన్ నడిమిది. ఇవి చాలావరకు ఒక పెద్ద ఎస్టేటు నడిబొడ్డు నుంచి చూసి పెట్టిన పేర్లని ఈ చరిత్ర చదివినవాళ్ళు చెబుతారు. ఇంగ్లండు పటం మీద ఒక సటనూ ఒక నార్టనూ దగ్గరదగ్గరగా కనిపిస్తే, ఆ రెండింటి నడుమ ఒకప్పుడు ఎవరో పెత్తందారు ఉన్నాడేమోనని వెతకవచ్చు. నేను వెతికాను కూడా. పటం పరుచుకుని వేలు పెట్టి జరుపుతూ కూర్చుంటే, ఆ పేర్లన్నీ ఒకే దిక్కుకు వేలు చూపిస్తున్నట్టు ఉంటుంది.

ప్రెస్టన్ పూజారుల ఊరు. అగ్రహారం అనుకోండి. కింగ్‌స్టన్ రాజుగారి ఊరు. థేమ్స్ ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్ పేరు 838 నాటి పత్రంలోనే ఉంది. ఉత్తరాన హల్ నది ఒడ్డున ఉన్న రేవును మొదటి ఎడ్వర్డు 1293లో మఠం వాళ్ళ దగ్గర కొనుక్కున్నాడు. అప్పటిదాకా దాని పేరు వైక్. రాజు కొన్నాడు కాబట్టి కింగ్‌స్టన్ అయింది. జనం ఇప్పుడు దాన్ని ఒట్టి హల్ అనే అంటారు. రాజు పేరును వదిలేసి ఏటి పేరునే ఉంచుకున్నారు. నాకు అది ఇష్టం.

వీటిలో ఏ పేరు చూసినా ఊరు లోపలి నుంచి పుట్టింది కాదు. లోపలున్నవాడికి పేరు అవసరం లేదు. అవసరం పక్కనున్నవాడికి, దారి చెప్పేవాడికి, పన్ను రాసుకునేవాడికి. అవసరం ఎక్కడైనా ఒకలాంటిదే కాబట్టి పేర్లూ ఒకలాంటివే వచ్చాయి. నూరు మైళ్ళ దూరంలో ఇంకో సటన్ ఉందన్న సంగతి ఆనాటి రైతుకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఇరవై మైళ్ళ లోపల పేరు కలవకపోతే చాలు. ఆ పేర్లన్నీ ఒకే జాబితాలో వచ్చి పడింది తర్వాత, తపాలా, రైళ్ళు వచ్చాక. తప్పు రైలెక్కిన నేను ఆ జాబితాకు దొరికినవాణ్ణి.

పేర్లకు కరువు అనేవాళ్ళు ఇంకొకటి చూడరు. ఆ భాషలో నేలకున్న మాటలు ఎన్నో! మార్గరెట్ గెల్లింగ్ అనే పరిశోధకురాలు జీవితమంతా ఈ పని మీదే ఉన్నారు. లోయకు రెండు మాటలుంటే అవి పర్యాయపదాలు కావని, 'డెను' అంటే పొడవుగా మెలికలు తిరిగి పోయే లోయ అని, 'కూమ్' అంటే పొట్టిగా గిన్నెలా ఉండే లోయ అని, ఆయా ఊళ్ళకు వెళ్ళి చూసి చెప్పారు. 'డూన్' అంటే పైన చదునుగా, ఊరు కట్టుకోవడానికి వీలుగా ఉండే కొండ. మనకు కొండ వేరు, గుట్ట వేరు, మెట్ట వేరు, తిప్ప వేరు. పలికేవాడు ఆ తేడా ఎరిగి పలుకుతాడు. వాళ్ళూ అంతే. బ్రాడ్‌ఫర్డ్ అంటే వెడల్పాటి రేవు, ఆక్స్‌ఫర్డ్ ఎద్దులు దాటే రేవు, స్ట్రాట్‌ఫర్డ్ రోమన్లు వేసిన రాతిబాట ఏరు దాటే చోటు. లండన్ తూర్పున ఉన్న స్ట్రాట్‌ఫర్డులో లీ నది దాటి కోల్చెస్టరుకు రోమన్ బాట పోయేది. షేక్స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డులోనూ ఒక రోమన్ బాట ఏవన్ నదిని దాటుతుంది. రోమన్లు వెళ్ళిపోయారు, వాళ్ళ బాట ఏరు దాటిన ప్రతిచోటా ఆ పేరు మొలిచే వీలు ఉండేది. అది ఊహ లేనితనం ఎలా అవుతుంది?

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలచిన పేరు దగ్గరికి వస్తాను. వాల్టన్.

ఇంగ్లండులో వాల్టన్లు చాలానే ఉన్నాయి. కొన్ని గోడ అన్న మాట నుంచి, కొన్ని అడవి అన్న మాట నుంచి వచ్చాయి. కానీ చాలావాటికి మూలం 'వాల్హ్' అనే పాత మాట. దాని అర్థం పరాయివాడు. ఎవరా పరాయివాళ్ళు? జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఇంగ్లీషువాళ్ళు రాకముందు నుంచీ ఆ నేల మీదే ఉంటున్న బ్రిటన్లు. వచ్చినవాళ్ళు, ఉన్నవాళ్ళను పరాయివాళ్ళన్నారు. వాళ్ళు మిగిలిన పల్లెను వాల్టన్ అన్నారు. కొన్నాళ్ళకు ఆ మాటకు బానిస అనే అర్థం కూడా వచ్చింది. వేల్స్ దేశం పేరు ఆ మాటే, కార్న్‌వాల్ చివర ఉన్నదీ ఆ మాటే. ఒక దేశానికి దేశమే, తన నేల మీద తాను పరాయి అన్న పేరుతో ప్రపంచానికి తెలిసింది. వాళ్ళ భాషలో వాళ్ళ దేశం పేరు కమ్రీ. తోటి దేశస్థులు అన్న మాట నుంచి వచ్చింది. ఆ మాటే ఉత్తరాన కంబ్రియా పేరులోనూ మిగిలి ఉంది.

వాల్‌నట్ అన్న మాటలోనూ ఉన్నది ఆ 'వాల్హే'. పరాయి గింజ అని. ఇది తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సీమచింతకాయ. సముద్రం దాటి వచ్చిన ప్రతిదానికీ మన పెద్దవాళ్ళు ముందు సీమ అని తగిలించారు. సీమవంకాయ, సీమసరుకు, సీమదొర. వాళ్ళ దేశం మనకు సీమ అయింది, పక్కవాళ్ళ దేశం వాళ్ళకు వేల్స్ అయింది. ఒక తేడా మాత్రం ఉంది. మనం వాళ్ళ నేల మీదికి పోయి వాళ్ళను సీమవాళ్ళు అనలేదు.

మాది మదనపల్లె. రాయలసీమ అన్న పేరు వింటే మాకు గర్వం. కానీ ఆ పేరుకు ముందు మమ్మల్ని పిలిచిన పేరు దత్తమండలాలు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు కాబట్టి ఆ పేరు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ తమలో తాము అనుకున్న పేరు అది, మధ్యలో ఉన్న జనానిది కాదు. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో మావాళ్ళు ఆ మాటను వదిలేసి రాయలసీమ అన్నారు. ఒక ప్రాంతంవాళ్ళు తమకు తామే పేరు పెట్టుకోవడం చాలా అరుదు. అందుకే వేల్స్‌కు వెళ్ళినప్పుడు సరిహద్దు దగ్గర వాళ్ళ భాషలో కమ్రీ అని రాసిన బోర్డు చూసి కాసేపు ఆగాను. నాతో ఉన్నవాళ్ళకు ఎందుకు ఆగానో చెప్పడం కష్టమైంది.

ఇంకొక పేరు గురించి ఇంగ్లండులో అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. ఏవన్ నది. పాత బ్రిటన్ల భాషలో, ఇప్పటి వెల్ష్‌లో కూడా, ఆ మాటకు అర్థం నది. అంటే ఏవన్ నది అంటే నది నది. అలాంటి ఏవన్లు ఒకటి కాదు. బ్రిస్టల్ దగ్గర ఒకటి, షేక్స్పియర్ ఊళ్ళో ఒకటి, హాంప్‌షైర్లో ఒకటి, డెవన్‌లో ఒకటి. వచ్చిన ఇంగ్లీషువాడు "ఇదేంటి?" అని వేలు చూపిస్తే, ఉన్నవాడు "నది" అన్నాడని, వాడు అదే పేరనుకున్నాడని కథ. నాకు ఈ కథ నచ్చదు. అందులో ఇద్దరూ తెలివితక్కువ వాళ్ళలా కనిపిస్తారు. మా ఊరి పక్కన పారే వంకను మేం ఎప్పుడైనా పేరుతో పిలిచామా? వంక అన్నాం, అంతే. "వంకలో నీళ్ళొచ్చాయి" అంటే మా ఊళ్ళో ఎవరికీ అనుమానం రాదు. బ్రిటన్లూ తమ ఏటిని ఏరు అనే అన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు వాళ్ళ పక్కన చాలాకాలం ఉండి, వాళ్ళ నోట ఆ మాట రోజూ విని అందుకున్నారు. ఒక్కరోజు వేలు చూపించి అడిగితే పేర్లు నిలవవు. ఏవన్ అన్న పేరు నిలిచిందంటే, తరాల తరబడి ఇరుగుపొరుగుగా బతికారన్నమాట. కత్తులతో వచ్చినవాళ్ళు ఉన్నవాళ్ళను పూర్తిగా తుడిచేశారన్న పాత చరిత్ర ఈ నదుల దగ్గర నిలబడదు.

తర్వాత 9వ శతాబ్దంలో డెన్మార్క్ వైపు నుంచి డేన్లు వచ్చారు. తూర్పున, ఉత్తరాన స్థిరపడ్డారు. వాళ్ళ పల్లె పేరు చివర 'బీ' అని వస్తుంది. డర్బీ, గ్రిమ్స్‌బీ, విట్బీ. డర్బీకి అంతకుముందు నార్త్‌వర్దీ అని ఇంగ్లీషు పేరు ఉండేది. డేన్ల రాకతో ఉన్న పేర్లు కూడా కొన్ని నోరు మారాయి. దక్షిణాన చార్ల్‌టన్, ఉత్తరాన కార్ల్‌టన్. రెండూ ఒకటే, స్వతంత్ర రైతుల ఊరు. గొర్రెల ఊరు ఒకచోట షిప్టన్, ఇంకోచోట స్కిప్టన్. చర్చికి ఉత్తరాన కిర్క్ అంటారు. మాది కన్నడ సరిహద్దు. మేం చెవి అంటే వాళ్ళు కివి అంటారు, మేం చెయ్యి అంటే వాళ్ళు కై అంటారు. అందుకని చార్ల్‌టన్, కార్ల్‌టన్ జంటను చూడగానే ములబాగల్ బస్సులో మాటలు విన్నట్టే అనిపించింది. ఊరి పేర్ల మొదటి అక్షరం పట్టుకుని ఇంగ్లండు పటం మీద ఎక్కడిదాకా ఎవరు వచ్చి ఆగారో గీత గీయవచ్చు.

ఒకే పేరు ఉన్న ఊళ్ళన్నిటికీ ఒకే పుట్టుక ఉంటుందనీ అనుకోకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కెంట్‌లో ఉన్న ఆష్‌ఫర్డ్ ఆష్ చెట్ల గుంపు పక్కన ఉన్న రేవు. లండన్ విమానాశ్రయానికి దగ్గర్లో ఇంకో ఆష్‌ఫర్డ్ ఉంది. దాని పాత పేరు ఎకెల్స్‌ఫర్డ్ లాంటిది, ఆష్ చెట్టుతో సంబంధం లేదు. బ్రాటన్ అన్న పేరులో ఒకచోట వాగు ఉంది, ఒకచోట గుట్ట ఉంది, ఒకచోట కోట ఉంది. నలిగి నలిగి మూడూ ఒకటయ్యాయి. అందుకే ఇప్పటి పేరు చూసి అర్థం చెప్పకూడదు, దొరికినంత పాత రాత చూడాలి. 1923లో మొదలైన ఇంగ్లీషు ఊరిపేర్ల సంఘం ఆ పనే చేస్తోంది. ఒక్కొక్క కౌంటీ తీసుకుని, పాత పత్రాల్లో ప్రతి పేరు ఎలా రాసి ఉందో సంపుటాలుగా వేస్తోంది. వందేళ్ళయినా ఆ పని పూర్తి కాలేదు. మన దగ్గర కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేశారు. అలాంటి పని ప్రతి జిల్లాకూ ఎందుకు జరగలేదని నాకు నిజంగా బాధ. మనకు శాసనాలకు కొదవ లేదు, ఊళ్ళ కథలు రాసిపెట్టిన కైఫీయతులు ఉన్నాయి. చెప్పగల ముసలివాళ్ళు మాత్రం ఏటికేడు తగ్గిపోతున్నారు.

మనవాళ్ళు చాలామంది ఉద్యోగాలు చేసే మిల్టన్ కీన్స్ గురించి ఒక మాట. మిల్టన్ కవి, కీన్స్ ఆర్థికవేత్త, ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారని అక్కడ నాకు ఒక టాక్సీ డ్రైవరు చెప్పాడు, ఆఫీసులో ఇంకొకరు చెప్పారు. కాదు. మిల్టన్ అంటే నడిమి ఊరు. కీన్స్ అనేది నార్మండీ నుంచి వచ్చిన ఒక భూస్వాముల ఇంటిపేరు. మిల్టన్లు చాలా ఉన్నాయి కాబట్టి ఫలానావారి మిల్టన్ అన్నారు. మన ఫలానావారిపాలెం లాంటిదే. 1967లో కొత్త నగరం కట్టాలని నిర్ణయించినప్పుడు ఆ జాగాలో ఉన్న ఆ పాత పల్లె పేరే నగరానికి ఇచ్చారు.

ఇక సముద్రం దాటిన పేర్లు.

నేను మొదట విన్న రిచ్‌మండ్ బెంగళూరులోది. రిచ్‌మండ్ సర్కిల్ దగ్గర బస్సు దిగేవాళ్ళం. తర్వాత లండన్ రిచ్‌మండ్ చూశాను. మా చిన్నాన్న కూతురు అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో కాపురం ఉంటుంది. ఆ పేరు నడిచిన దారి వింటే ఆశ్చర్యం. నార్మండీలో రిష్‌మాన్ అనే ఊరు ఉంది, గొప్ప కొండ అని అర్థం. 1066 తర్వాత విలియం వెంట వచ్చినవాళ్ళు ఆ పేరును యార్క్‌షైర్‌లో కట్టిన కోటకు పెట్టారు. కొన్ని వందల ఏళ్ళకు ఆ రిచ్‌మండ్‌కు ఎర్ల్‌గా, అంటే ప్రభువుగా ఉన్న హెన్రీ ట్యూడర్ 1485లో రాజయ్యాడు. లండన్ పక్కన షీన్‌లో ఉన్న అతని రాజభవనం 1497లో కాలిపోతే, మళ్ళీ కట్టి దానికి తన పాత ఎస్టేటు పేరు రిచ్‌మండ్ అని పెట్టాడు. 1737లో విలియం బర్డ్ అనే ఆసామి వర్జీనియాలో జేమ్స్ నది ఒడ్డున ఊరు వేయిస్తూ, కొండ మీది నుంచి నది వంపు తిరగడం చూసి, లండన్ రిచ్‌మండ్ కొండ మీది నుంచి కనబడే థేమ్స్ వంపు గుర్తొచ్చి, అదే పేరు పెట్టాడు. నార్మండీ నుంచి పేరు అలా మూడు చోట్లకు నడిచింది. ప్రతిచోటా అది పెట్టినవాడికి ఇంకో చోటు గుర్తొచ్చింది.

న్యూటన్ అన్న పేరుకూ ఈ రిచ్‌మండ్‌కూ తేడా ఇక్కడుంది. న్యూటన్ ఎదుట ఉన్నదాన్ని చూసి పెట్టిన పేరు. రిచ్‌మండ్ ఎదుట లేనిదాన్ని తలుచుకుని పెట్టిన పేరు. ఈస్ట్ ఆంగ్లియా, లింకన్‌షైర్ వైపు నుంచి పోయినవాళ్ళు 1630లో అమెరికాలో తమ ఊరికి బాస్టన్ అన్నారు. ఇంగ్లండులోని బాస్టన్ బోటల్ఫ్ అనే సాధువు పేరు మీద వచ్చింది. అక్కడి చర్చి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. పక్కనే వాళ్ళు న్యూటౌన్ అని ఒక ఊరు వేసుకుని, అక్కడ కాలేజీ పెట్టాక, 1638లో దాని పేరు కేంబ్రిడ్జిగా మార్చారు. వాళ్ళలో చాలామంది పెద్దలు ఇంగ్లండు కేంబ్రిడ్జిలో చదువుకున్నవాళ్ళు. అసలు కేంబ్రిడ్జి కథే తిరగబడిన కథ. పాత పేరు గ్రాంటా నది మీద వంతెన అని. నోళ్ళు మారి మారి అది కేంబ్రిడ్జి అయ్యాక, వంతెన పేరును బట్టి నదికే కామ్ అన్న పేరు వచ్చింది. ఎగువన ఇప్పటికీ ఆ నదిని గ్రాంటా అంటారు.

ఇల్లు వదిలి వచ్చినవాడి దిగులు నాకు తెలుసు. మొదటి చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంటే, ఫ్లాటులో వైఫైకి నేను పెట్టుకున్న పేరు మదనపల్లె. కాబట్టి రిచ్‌మండ్ అనో బాస్టన్ అనో పేరు పెట్టినవాళ్ళను ఊహ లేనివాళ్ళని నేను అనలేను. కానీ అక్కడితో ఆగలేను కూడా. బాస్టన్ వెలిసిన నేలను అక్కడి జనం షామట్ అనేవాళ్ళు. ఆస్ట్రేలియాలో బొగ్గు దొరికిన తీరానికి, ఇంగ్లండులో బొగ్గుకు పేరుపడిన న్యూకాజిల్ పేరు పెట్టారు. ఇంగ్లండు న్యూకాజిల్‌లో 1080లో నిజంగానే కొత్త కోట కట్టారు. ఆస్ట్రేలియాలో కోట లేదు, బొగ్గుంది. అక్కడి అవాబకల్ జనానికి అది ములుబిన్బా. ఆ ఊళ్ళకు పేర్లు లేకపోలేదు. వచ్చినవాడికి వినిపించలేదు. పాత ఇంగ్లండులో ఏవన్ అన్న మాటను పొరుగువాడి నోట విని అందుకున్నంత ఓపిక కూడా ఈసారి చూపలేదు. దిగులు నిజమే, దాని కింద ఒక పేరు నలిగిపోయిన మాటా నిజమే. రెంటిలో ఒకటి చెప్పి ఒకటి దాచడం నాకు చేతకాదు.

మోసుకుపోయిన పేరు కొన్నిసార్లు ఊరికి పని పెడుతుంది. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో ఒక స్ట్రాట్‌ఫర్డ్ ఉంది, దాని పక్కన పారే నదికి ఏవన్ అని పేరు పెట్టుకున్నారు. అది రైలింజన్లు బాగుచేసే ఊరు. ఆ పని తగ్గిపోతున్న రోజుల్లో, టామ్ ప్యాటర్సన్ అనే స్థానిక పాత్రికేయుడు, పేరెలాగూ ఉంది కదా, షేక్స్పియర్ నాటకాలు ఆడిద్దాం అన్నాడు. 1953లో డేరా వేసి మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ ఊరి బతుకు చాలావరకు ఆ నాటకాల మీదే.

ఇదంతా తెలుసుకున్నాక ఒకరోజు నాకు మా కొండ గుర్తొచ్చింది.

మదనపల్లెకు దగ్గర్లో నాలుగు వేల అడుగులకు పైన ఎత్తున హార్స్‌లీ హిల్స్ ఉంది. చిన్నప్పుడు ఆ పేరులో గుర్రం ఉందని, కొండ ఏ వైపు నుంచో గుర్రంలా కనబడుతుందని అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, 19వ శతాబ్దంలో కడపకు కలెక్టరుగా ఉన్న డబ్ల్యు. డి. హార్స్‌లీ ఎండాకాలం ఉండటానికి పైన ఇల్లు కట్టుకున్నాడని. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప కిందే ఉండేది. అంతకుముందు ఆ కొండ ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే ఆమె పైన ఒంటరిగా ఉండేదని, ఏనుగులు ఆమెకు తిండి తెచ్చి పెట్టేవని, రోగాలొచ్చినవాళ్ళకు ఆమె మందులిచ్చేదని, ఒకరోజు కనబడకుండా పోయిందని చెబుతారు. గుడి ఇప్పటికీ ఉంది.

హార్స్‌లీ అన్నది ఆ కలెక్టరు ఇంటిపేరు. మన ఇంటిపేర్లలాగే అక్కడి ఇంటిపేర్లూ చాలావరకు ఊళ్ళ పేర్లు. ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరికీ ఆ ఊరి పేరు ఇంటిపేరు కాదు. వదిలి వేరేచోటికి పోయినప్పుడు అక్కడివాళ్ళు పెడతారు. వాషింగ్టన్ అలాగే ఇంగ్లండు ఉత్తరాన ఒక పల్లె పేరు, ఒక వంశం పేరై, ఒక మనిషి పేరై, ఒక రాజధాని పేరైంది. హార్స్‌లీలు కూడా ఇంగ్లండులో ఒకటి కాదు, సర్రీలో, గ్లాస్టర్‌షైర్‌లో, డర్బీషైర్‌లో, ఇంకా ఉత్తరాన ఉన్నాయి. 'లీ' అంటే అడవి కొట్టి చదును చేసిన చోటు. అక్కడ గుర్రాలు మేసేవి. ఏనుగుల కొండ మీద గుర్రాల బయలు వచ్చి కూర్చుంది. మాకు గుర్రం కొత్తేమీ కాదు. ఆ చుట్టుపక్కలే గుర్రంకొండ ఉంది, కోటతో సహా, తెలుగు పేరుతో.

సర్రీలో ఈస్ట్ హార్స్‌లీ, వెస్ట్ హార్స్‌లీ అని పక్కపక్కనే రెండు ఊళ్ళు. రెంటికీ కలిపి ఒక స్టేషను. కలెక్టరు పూర్వీకులు ఏ హార్స్‌లీ నుంచి వచ్చారో నేను చూడలేదు. లండన్ వాటర్లూ నుంచి నేరుగా రైలుంది కాబట్టి అక్కడికి వెళ్ళాను. ఈసారి టికెట్టు మీద పేరు రెండుసార్లు చదువుకున్నాను. ప్లాట్‌ఫారం మీద తెల్ల బోర్డు, నల్ల అక్షరాలు, ఒట్టి హార్స్‌లీ అని. ఎండ బాగుంది. ఊళ్ళో ఒక గంట తిరిగాను. ఇటుక ఇళ్ళు, కంచెల వెనక తోటలు, ఒకచోట నిజంగానే రెండు గుర్రాలు మేస్తున్నాయి.

బోర్డు ముందు నిలబడి ఫోటో తీసుకుని అమ్మకు పంపాను. మా అమ్మ ఎప్పుడూ ఆ కొండను హార్స్‌లీ అనలేదు, మల్లమ్మ కొండ అనీ అనలేదు. కొండ అంటుంది. "కొండకు పొయ్యొచ్చినాం", "కొండ మీద మబ్బు పట్టింది", అంతే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నట్టుంది, కాసేపటికి ఫోన్ చేసింది.

"ఏం నాయనా, మన కొండ పేరు ఆడ రాసుకోనుండారే?"